హిదాత్ చివర రాసిన వాక్యం

హిదాత్ మాట్లాడటం మొదలుపెట్టి చాలాసేపయింది. చదువుకున్న బడి గురించి చెప్పింది. బడి నుంచే నేరుగా సైన్యం కొలువుకు పట్టుకుపోయిన సంగతి చెప్పింది. ఎడారిలోని శిబిరంలో వంటపని అప్పగించటం దాకా వచ్చింది. అసలు విషయం ఇంకా మొదలే పెట్టలేదు. శరణార్థుల కార్యాలయంలో బల్లకు అవతల కూర్చున్న అధికారిణి దుబాసీ వైపు చూసింది. అతను గొంతు సవరించుకుని ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట చెప్పాడు: “షీ ఫియర్స్ ఫర్ హర్ లైఫ్.” ఈమెకు ప్రాణభయంగా ఉందట. అంతే. అధికారిణి ఆ మాట కంప్యూటర్లో కొట్టుకుంది.

హిదాత్‌కు ఇంగ్లీషు తెలుసు. మా ఎరిత్రియాలో ఆరో తరగతి నుంచి పాఠాలన్నీ ఆ భాషలోనే. తన బతుకంతా పిడికెడు మాటలైపోవటం చెవులారా విన్నది. అయినా నోరు విప్పలేదు. ఎందుకంటే లోపలికి వెళ్లేముందు వరండాలో తోలు జాకెట్టు వేసుకున్న ఆ దుబాసీ మా తిగ్రిన్యా భాషలో ఎంతో ఆప్యాయంగా అడిగాడు: “మీ నాన్నగారిది ఏ ఊరు, చెల్లెమ్మా?”

దేశం దాటి వచ్చాక మాలో ఈ ప్రశ్న వేసేవాళ్లు రెండు రకాలు. సంబంధం కలుపుకోవటానికి వచ్చినవాళ్లు, కబురు మోయటానికి వచ్చినవాళ్లు. ఎవరు ఏ రకమో మొహం చూసి చెప్పలేం. హిదాత్ తల్లి ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. అందుకే ఆమె తండ్రి ఊరి పేరు మార్చి చెప్పింది, లోపల అతను తన మాటలు మింగేస్తే తనూ మింగింది. అధికారిణి ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే లేదని తల ఊపింది.

కొన్నాళ్లకు జవాబు వచ్చింది. చెప్పినదాంట్లో వివరాలు లేవు, భయానికి కారణం తెలియలేదు, దరఖాస్తు తిరస్కరిస్తున్నాం. అప్పీలు చేసుకోవచ్చు, ఈసారి రాసి ఇవ్వాలి. అదే ఆఖరి అవకాశం.

కైరోలో మా వాడ అర్ద్ ఎల్ లివా. రైలు పట్టాలకు ఇవతల, ఒకదాన్నొకటి ఒరుసుకునే ఇటుక మేడల మధ్య ఉంటాం. హిదాత్ పట్టాలకు అవతలి మొహందిసీన్ పేటలో మంచాన పడ్డ ఒక ముసలావిడకు సేవ చేస్తుంది. నెమ్మదైన మనిషి. బుధ, శుక్రవారాల ఉపవాసాలు తప్పదు. తెల్ల నెత్సెలా శాలువా తలమీదుగా కప్పుకుని గోడవారగా నడుస్తుంది. ఆమెకున్న వింత ఒక్కటే. వీధిలో దుకాణాల ఇనుప షట్టర్లు దించే వేళకు ఇంట్లో ఉండి తీరాలి. ఎక్కడైనా షట్టరు గడగడమని కిందికి పడితే చాలు, చేతిలో ఏముంటే అది జారిపోయేది. ఒకసారి చిక్కుళ్లు ఉడికించి అమ్మే ఫూల్ బండి దగ్గర వేడి గిన్నె కాళ్లమీదే పోసుకుంది. బండివాడు నవ్వాడు, మేమూ నవ్వాం. “హిదాత్‌కు దెయ్యాలూ పిశాచాలూ ఏం లెక్కలేదు, షట్టరంటేనే హడలు” అనేది ఆమె గదికి ఎదురుగా ఉండే జుఫాన్. ఎందుకని మాత్రం ఎవరం అడగలేదు. మా వాడలో ఎవరి ఉలికిపాటు వాళ్లకుంది, అడిగితే మనదీ చెప్పాల్సి వస్తుంది.

తిరస్కరణ వచ్చాక ఆ భయానికి ఇంకో భయం తోడైంది. మాకు శరణార్థుల కార్యాలయం ఇచ్చే పసుపుపచ్చ కార్డు ఉంటేనే వీధిలో నడవగలం. అప్పీలు కూడా పోతే కార్డు పోతుంది. కార్డు లేనివాణ్ని పోలీసులు మైక్రోబస్సులోంచి దింపి వ్యానెక్కిస్తే ఆ వ్యాను దక్షిణాన అస్వాన్ దారి పడుతుంది, ఆ తర్వాత వెనక్కి మా దేశానికే పంపేస్తారు. మా సందులోంచి అలా వెళ్లిన ఒక మంగలి చెప్పులు ఇప్పటికీ అతని గది బయటే ఉన్నాయి. వాటిని తీసే ధైర్యం ఎవరికీ లేదు. హిదాత్ రైలుగేటు దగ్గర బస్సెక్కటం మానేసి చుట్టుదారిన నడిచి పనికి వెళ్లటం మొదలుపెట్టింది. వెనక ఎవరైనా ఒకే వేగంతో నడిస్తే ఆగి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగేది, ఆ మనిషి దాటిపోయేదాకా.

ఇక అప్పీలు రాయాలి. రాయటమంటే మా వాడలో ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పేరు నిగిస్తి కాగితం.

నిగిస్తి కూడా మాలాంటిదే. ఆమె దరఖాస్తు నెగ్గింది, కెనడా వెళ్లిపోయింది. పోతూ పోతూ తన వాంగ్మూలం నకలు ఒకటి పక్కింటివాళ్లకు ఇచ్చింది, పనికొస్తుందేమోనని. దాని మొదట్లో పెద్ద అక్షరాల్లో రాసుకుంది: ఐ ఫియర్ ఫర్ మై లైఫ్. నా ప్రాణానికి భయంగా ఉంది. కింద రెండు పేజీల నిండా తన అన్న ఎలా పోయాడో, తను ఎలా దాటివచ్చిందో రాసింది. ఆ నకలుకు నకలు తీశారు, దానికింకో నకలు తీశారు. తీయగా తీయగా కింది భాగం వెలిసిపోయి బూడిదరంగు చారలయింది. పైనున్న వాక్యం ఒక్కటే నల్లగా మిగిలింది. దాంతో నిగిస్తిని సముద్రం దాటించింది ఆ వాక్యమేనని వాడంతా తేల్చేసింది. తర్వాత కూడా ఒకరిద్దరు నెగ్గేసరికి నమ్మకం గట్టిపడింది. ప్రతి దరఖాస్తు నెత్తిమీదా అదే వాక్యం, బొట్టు పెట్టినట్టు. కొందరు సంతకం చేసేముందు దానిమీద వేలు పెట్టి ముద్దుపెట్టుకునేవారు.

టైపు చేసేది జిరాక్సు కొట్టు సబ్రీ. తెల్ల మీసాల ఈజిప్షియన్ ముసలాయన, ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఆ వాక్యం మాత్రం కళ్లు మూసుకుని కొట్టేవాడు. “నేనూ ఒక కాగితం మీద ఇది కొట్టుకుని వెళ్తే నన్నూ కెనడా పంపిస్తారా? మా ఆవిడ దగ్గర నా ప్రాణానికి నిజంగానే భయం” అని ఎగతాళి చేసేవాడు. అందరూ నవ్వేవారు. కాగితం తీసుకుని బయటికొచ్చాక ఎవరూ నవ్వేవారు కాదు.

హిదాత్ కంటే ముందు జుఫాన్‌కు కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. జుఫాన్ నోరు పెద్దది. పనిచేసే ఇళ్లలో యజమానురాళ్లను కూడా దులిపేసే రకం. ఆ రోజు మధ్యాహ్నం తిరిగొచ్చినప్పుడు మాత్రం మెట్లమీద కూలబడి, కాళ్లకున్న బూట్లు విప్పలేక అలాగే కూర్చుంది. హిదాత్ నీళ్లు తెచ్చి ఇస్తే తాగి అప్పుడు చెప్పింది. అధికారి ఆమె కాగితం చదవలేదట. సొరుగులోంచి ఒక కట్ట తీసి బల్లమీద పేకముక్కల్లా పరిచాడట. అన్నిటి మీదా అదే వాక్యం, అదే అక్షరాల పరిమాణం, సబ్రీ కొట్టు మిషను వదిలే అదే నల్ల మరక పక్కన. “ఈ వాక్యం మీకు ఎవరిచ్చారు?” అని అడిగాడట.

“ఏం చెప్పావక్కా?”

“ఏం చెప్పను. మా ఆయన్ని చంపి, మరిది నాకోసం ఇంటింటికీ తిరిగిన సంగతి అప్పుడు చెప్పబోయాను. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదన్నాడు. పైన రాశాగా, ప్రాణభయమని, అన్నాను. అది అందరూ రాశారన్నాడు.” జుఫాన్ బూటు తాడు లాగుతూ అంది, “నా భయం నిజమైందేనే హిదాత్. వాక్యమే అరువుది.”

సాయంత్రానికి వాడంతా పాకిపోయింది. నిన్నటిదాకా తాయెత్తుగా ఉన్న మాట విషమైంది. జనం సబ్రీ కొట్టుమీద పడ్డారు, మాది తీసెయ్ మాది తీసెయ్ అని. ఒకతను అప్పుడే కొత్త వాక్యం సంపాదించుకొచ్చాడు, దానికి అప్పుడే గుంపు చేరింది. ఆ గుంపులో నవ్వులాట లేదు, కేకల్లేవు. నీళ్లలో మునిగేవాళ్లు కొత్త కొమ్మ కనపడగానే దానికేసి చేతులు చాచినట్టు ఉంది. వాళ్లను తప్పుపట్టటానికి నాకు మనసు రాదు. కూర్చోబెట్టి, నీకేం జరిగింది, మొదట్నుంచి చెప్పమ్మా, అని అడిగినవాడు లేకపోతే మనిషి దేన్నైనా పట్టుకుంటాడు.

హిదాత్ గుంపులోకి వెళ్లలేదు. ఆమె అప్పీలు కాగితం ఇంకా తెల్లగానే ఉంది, గడువు దగ్గరికొస్తోంది. వాక్యం రాస్తే అబద్ధాలకోరు అంటారు, రాయకపోతే భయమే లేదంటారు. ఆ రెండూ కాక మూడో దారి ఒకటుంది, జరిగింది రాయటం. దాని పేరెత్తితే ఆమె కాగితం మడిచి పెట్టేసేది.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం జుఫాన్ గదిలో కాఫీకి కూర్చున్నారు. గింజలు వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు విడతలుగా పోసే కాఫీ మాది. మూడో విడతకు బెరెకా అని పేరు, దీవెన అన్నమాట. అది తాగకుండా లేచిపోతే ఆ ఇంటిని అవమానించినట్టు. రెండో విడత పోస్తుండగా కింద రొట్టెల దుకాణం షట్టరు పడింది, నమాజు వేళకు కట్టేస్తున్నారు. హిదాత్ చేతిలోంచి కూజా జారిపోయింది. కాఫీ చాపమీద పారింది.

జుఫాన్ తిట్టలేదు, నవ్వలేదు. చాప తుడిచి, మళ్లీ నీళ్లు పోసి కుంపటి మీద పెట్టింది. “మూడోది తాగకుండా నువ్వు కదలకూడదు, నీకు తెలుసుగా. అదిప్పుడప్పుడే మరగదు. చెప్పు” అంది.

హిదాత్ కుంపటి వైపు చూస్తూ చెప్పింది. ఆ శిబిరంలో ఖైదీలను ఓడల్లో సరుకులు వేసే ఇనుప పెట్టెల్లో పెట్టేవారు. ఎండకు ఆ ఇనుము కాలిపోయేది. తలుపు మూసి అడ్డకడ్డీ దించినప్పుడు వచ్చే చప్పుడు వంటింట్లోకి వినపడేది. వంటింటి వెనకనే ఉన్న పెట్టెకు అడుగు మూలన తుప్పు తిన్న చిల్లు ఒకటి ఉంది. హిదాత్ గిన్నెలు కడిగే వంకతో వెళ్లి రబ్బరు గొట్టం ఆ చిల్లులో దూర్చి నీళ్లు పోసేది. లోపల మనిషి ఎవరో తెలియదు. ఆడో మగో తెలియదు. నీళ్లు అందగానే ఉంగరంతో ఇనుము మీద మెల్లగా కొట్టేవాళ్లు. అదే మాట, అదే కృతజ్ఞత. దెసలే అని ఒక కాపలావాడు ఉండేవాడు. ఆమె గొట్టం పట్టుకుని వస్తే అటు తిరిగి సిగరెట్టు ముట్టించుకునేవాడు. ఒక్కరోజు కూడా ఆమెతో మాట్లాడలేదు.

“తర్వాత?”

“ఒకరోజు పోశాను. ఉంగరం చప్పుడు రాలేదు. గొట్టం సరిగ్గా దూరలేదేమో అని మళ్లీ పోశాను. నీళ్లు తలుపు కిందనుంచి నా కాళ్లమీదికి వెనక్కొచ్చాయి.”

కుంపట్లో బొగ్గు చిటపటమంది. జుఫాన్ విసనకర్ర ఆపేసింది.

ఆ తడి చూసి పైవాళ్లకు సంగతి తెలిసిపోయింది. దెసలే మొదటిసారి, ఆఖరిసారి ఆమెతో మాట్లాడింది అప్పుడే. సాయంత్రం హాజరులో నీ పేరు పిలుస్తారు, అది వినటానికి ఉండకు, అన్నాడు. కట్టెలు ఏరుకోవటానికని ఆమెను కంచె దాటించాడు. ఆమె కట్టెలు ఏరుతూ ఏరుతూ వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

“ఇప్పుడు చెప్పక్కా. అతని పేరు రాశాననుకో, ఆ కాగితం ఎవరి చేతుల్లోంచి పోతుందో నాకు తెలీదు. నన్ను మా నాన్న ఊరు అడిగినవాడే చదువుతాడేమో. దెసలే బతికుంటే నా అక్షరాలే అతన్ని చంపుతాయి. అతని పేరు లేకుండా రాస్తే, వంటమనిషివి, కంచె ఎలా దాటావు అంటారు. నా మాట ఎవడు నమ్ముతాడు?”

జుఫాన్ కూజా కుంపటి మీంచి దించింది. మూడో విడత పోసి ఆమె చేతిలో పెట్టింది. “అదే రాయవే. ఒకడు నన్ను దాటించాడు, వాడి పేరు రాయను, రాస్తే చంపుతారు అని రాయి. నువ్వు ఎందుకు భయపడుతున్నావో ఇంతకంటే ఏం చెప్పాలి వాళ్లకి?”

ఆ మధ్యాహ్నమే రాయటం మొదలుపెట్టారు. బడి ఇంగ్లీషు, చిన్న చిన్న వాక్యాలు. హిదాత్ ఒక ముక్క రాసి చదివేది. జుఫాన్, అప్పుడు ఎండ ఎటుంది, గొట్టం ఏ రంగు, నీకెలా తెలుసు, అని అడిగేది. తనను ఆ కార్యాలయంలో ఎవరూ అడగని ప్రశ్నలన్నీ ఇక్కడ అడిగింది. ఇనుప పెట్టె, ఉంగరం, వెనక్కొచ్చిన నీళ్లు, షట్టరు చప్పుడు, ఫూల్ బండి దగ్గర కాలిన కాళ్లు. అన్నీ వచ్చాయి. చివరికి వచ్చేసరికి హిదాత్ పెన్ను ఆపింది.

“ఆ వాక్యం రాస్తాను” అంది.

“ఏ వాక్యం? పిచ్చా నీకు? దానివల్లేగా నేను మునిగింది.”

“వాక్యం తప్పు కాదక్కా. నా ప్రాణానికి నిజంగానే భయం. మనం దాన్ని మొదట్లో పెట్టి, కింద ఖాళీగా వదిలేశాం. ఇప్పుడు ఖాళీ లేదు. ఇప్పుడు రాయొచ్చు.” అన్నీ అయిపోయాక కింద ఒక్కసారి రాసింది.

సబ్రీకి ఇస్తే ఆయన చేతులు అలవాటు చొప్పున మొదటి గీతలో ఆ మాటే కొట్టేశాయి. హిదాత్ తీసేయమంది. “తీసేయమని ఒకరు, పెట్టమని ఒకరు. పైన కాదట, కిందనట. నా బుర్ర తిరుగుతోంది అమ్మాయ్” అని సణిగాడు. “కింద పెట్టు సబ్రీ బాబాయ్, నేను రాసిన చోటే” అందామె. ఇన్నాళ్లలో ఆమె ఇంత గట్టిగా అడగటం ఆయన వినలేదు కాబోలు, కళ్లద్దాలు ముక్కుమీదికి దించి చూసి, తీసి కింద కొట్టాడు.

పిలుపు వచ్చింది. గది తలుపు తీస్తే బల్ల పక్కన అదే దుబాసీ. అదే తోలు జాకెట్టు. హిదాత్ గడపలోనే నిలబడిపోయింది. కింద రోడ్డుమీద వ్యాను ఏదో ఆగిన చప్పుడైంది. వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు, కార్డు పోతుంది. కూర్చోవచ్చు, మళ్లీ పిడికెడు మాటలే మిగులుతాయి, లేదా దెసలే ప్రాణం ఈ మనిషి జేబులో పడుతుంది. అతను చిరునవ్వుతో, అధికారిణికి అర్థంకాని మా భాషలో, “కూర్చో చెల్లెమ్మా, భయమెందుకు. అమ్మ బాగున్నారా ఊళ్లో?” అన్నాడు.

తల్లి ఊళ్లో ఉన్న సంగతి అప్పటికి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊరికే అన్నాడో, తెలిసే అన్నాడో ఇప్పటికీ మాకు తెలియదు.

హిదాత్ కూర్చోలేదు. అధికారిణి వైపు తిరిగి, తనకొచ్చిన ఇంగ్లీషులో, వేరే దుబాసీ కావాలి అంది. ఆవిడకు వినపడలేదు, మళ్లీ అంది. కారణం ఏమిటని అడిగింది ఆవిడ. ఈ గదిలో ఈయన ఉండగా చెప్పలేనంది. ఆవిడ అతన్ని బయటికి వెళ్లమంది. దుబాసీని మార్చమని అడిగే హక్కు మాకు మొదట్నుంచీ ఉందట. మాకెవరూ చెప్పలేదు.

ఒక నడివయసు ఆవిడ వచ్చింది. వచ్చీ రాగానే, నీది ఏ ఊరు అని అడగలేదు. ఒక్కో మాటా పూర్తి కానిచ్చి, ఒక్కో మాటగానే అటు చేర్చింది. ఉంగరం సంగతి దగ్గర తడబడి, మళ్లీ చెప్పింది. అధికారిణి కాగితం ఆఖరి గీత దాకా వచ్చి తల ఎత్తి జుఫాన్‌ను అడిగిన మాటే అడిగింది. ఈ వాక్యం నీకెవరిచ్చారు?

“ఎవరూ ఇవ్వలేదమ్మా. పైనుంచి చదువుకుంటూ రండి, చివరికి మీకూ ఆ మాటే వస్తుంది.”

నిర్ణయం ఇంకా రాలేదు. కార్డు మీద గడువు పొడిగిస్తూ ముద్ర వేశారు. తోలు జాకెట్టు మనిషి మా సందు చివర టీ దుకాణంలో ఒకసారి కనిపించాడని ఎవరో అన్నారు. అప్పటినుంచి హిదాత్ కిటికీ తీయటం లేదు. జుఫాన్‌కూ తిరస్కరణ వచ్చింది, తన అప్పీలు రాసుకుంటోంది, ఈసారి ప్రశ్నలడిగే వంతు హిదాత్‌ది. కింద షట్టరు పడితే ఇప్పటికీ ఇద్దరూ ఆగిపోతారు. ఆ చప్పుడు అణిగాక పెన్ను మళ్లీ కదులుతుంది.

ఇది చదివేవాళ్లలో రెండు భాషలు వచ్చినవాళ్లు ఉంటారు. మీకు నా విన్నపం ఇదీ. మీ ఊళ్లోనూ పోలీసు ఠాణాలో, కోర్టు వరండాలో, ఆసుపత్రి బల్ల దగ్గర భాష రాక బిక్కచచ్చి నిలబడ్డ పరాయివాళ్లు ఉంటారు. వారంలో ఒక పూట వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్ల గంట మాటను మీ ఒక్క వాక్యంగా కుదించకండి. నెగ్గిన కాగితం నకలు చేతిలో పెట్టి సాయం చేశామనుకోకండి, అది వాళ్ల నోరు కట్టేస్తుంది. దుబాసీని మార్చమని అడగొచ్చని చెప్పండి, అడిగేటప్పుడు పక్కనే నిలబడండి. మీది అవతలి కుర్చీ అయితే, ఆ అరిగిపోయిన వాక్యం కనపడగానే కాగితం పక్కకు తోసేయకండి. ఎవరిచ్చారని అడగకండి. ఏం జరిగిందమ్మా అని అడిగి, చివరిదాకా వినండి.